కాగితం లేని కూలీ: మన పీఠభూమి వలసల చరిత్ర

 

ప్రియ సోదరులారా! జుమా నమాజు ముగిశాక మన మస్జిదులో దుఆ కోసం లేచే చేతుల వెనుక ఏయే కష్టాలున్నాయో మనకు తెలియనిది కాదు. ఒకరు మంచం పట్టిన తల్లి కోసం అడుగుతారు, ఒకరు ఎండిపోయిన బోరు కోసం అడుగుతారు. రెండు మూడు వారాలకొకసారి మాత్రం ఎవరో ఒక పెద్దాయన గొంతు తగ్గించి, “మావాడు కువైట్‌లో కల్లివెల్లి అయినాడు, దుఆ చేయండి” అంటారు. మనమంతా మనసారా ఆమీన్ అంటాము. తరువాత చెప్పులు తొడుక్కుని కొత్తచెరువు కూడలిలోకి వస్తాము. తెల్లవారుజాము నుండి పని కోసం నిలబడి ఉన్న ఒడిశా, బీహారు, బెంగాలు కూలీలను చూసి, ఆమీన్ పలికిన ఆ నోటితోనే, “వీళ్ళొచ్చినాక మన పిల్లోళ్ళకు పనుల్లేవు, వీళ్ళ కాగితాలు ఎవరన్నా చూసినారా?” అంటాము. ఈ రెండు మాటల మధ్య దూరం నాలుగు వందల అడుగులు కూడా ఉండదు. ఈ వారం ఆ దూరాన్ని గురించి, చరిత్ర సాయంతో, కొంత ఆలోచిద్దాము.

ముందుగా ఆ మాట సంగతి. ‘ఖల్లీ వల్లీ’ అనేది గల్ఫ్ అరబ్బీలో వాడుక మాట. వదిలెయ్యి, పోతే పోనీ అని దాని భావం. మన వలస కూలీల నోట అది కల్లివెల్లి అయింది. యజమానిని విడిచి, అకామా గడువు తీరిపోయి, పోలీసుల కంట పడకుండా బతికే మనిషికి పేరైపోయింది. పోతే పోనీ అన్న మాటనే ఒక మనిషికి పేరుగా పెట్టడంలో ఎంత నిర్లక్ష్యముందో ఎన్నడైనా తలచామా?

మన నేల సంగతి వివరించనక్కరలేదు. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గర తచ్చాడే జిల్లా ఇది. నైరుతి పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటుంది. ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి అలసిపోతుంది. పలుచని ఎర్రనేల, దానిలో వేరుశనగ, వానకోసం చూపు. కాబట్టి ఈ పీఠభూమి మనిషికి ఊరు విడవడం కొత్త కాదు. ఇప్పటికీ పెద్దల నోట నిలిచిన ధాత కరువు 1876 నుండి 1878 వరకు సాగింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో బళ్ళారి నుండి విడదీసి దానిని ఏర్పరిచారు. ఆ కరువులో ప్రభుత్వం ఉపశమన పనులు పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలనే పట్టుదలతో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. రోజంతా ఎండలో రాళ్ళు మోసినవాడికి అది చాలదని మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. వాదన జరుగుతూనే ఉంది, జనం రాలిపోతూనే ఉన్నారు. 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య దత్తమండలాల జనసంఖ్య పెరగడానికి బదులు తగ్గింది. బతికినవారిలో నడవగలిగినవారు నడిచారు. ఏ ఊరి దారి పట్టినా అక్కడివారికి వారు కరువు జనమే. కడుపు చేతపట్టుకుని వచ్చిన పరాయివారే. ఈనాడు కొత్తచెరువులో ఉన్న కుటుంబాలలో మూడు నాలుగు తరాల వెనక్కి పోతే వేరే ఊరినుండి రాని కుటుంబమేదో చెప్పడం కష్టం. మా కుటుంబమూ అందుకు భిన్నం కాదు.

మన పీఠభూమినుండి నావలెక్కి సముద్రాలు దాటినవారు కోస్తావారితో పోలిస్తే తక్కువ. అయినా కూలీ మెడకు కాగితం తగిలించే పద్ధతి ఎట్లా బలపడిందో తెలియాలంటే ఆ నావల వెంట కొంత దూరం పోవలసిందే. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, 1830ల నుండి కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల మీదుగా తెలుగు కూలీలను ఒప్పందంపై మారిషస్ ద్వీపానికి తీసుకుపోయారు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు చేర్చింది. ఒప్పందం ఐదేళ్ళది. ఐదేళ్ళు పనిచేశాక కూలీ స్వతంత్రుడని ఒప్పందంలో ఉన్నదే. కానీ స్వతంత్రుడైన కూలీ కూలి ధర అడుగుతాడు, తోట మారుతాడు. తోటల యజమానులకు ఇది మింగుడు పడలేదు. మారిషస్‌లో 1867లో ఒక చట్టం వచ్చింది. ఒప్పందం ముగిసిన ప్రతి ‘పాత వలసదారు’ తన ఫోటో అంటించిన టికెట్టును ఎల్లవేళలా దగ్గర ఉంచుకోవాలి. తన జిల్లా విడిచి వేరే జిల్లాకు పోవాలంటే దానిపై అనుమతి ఉండాలి. టికెట్టు ఇంట్లో మరచిపోయి అంగడికి వెళ్ళినవాడినీ దేశదిమ్మరి అని పట్టుకుని నిర్బంధించేవారు. తప్పించుకోవాలంటే మళ్ళీ తోటలో ఒప్పందం రాసుకోవడమొక్కటే మార్గం. 1871లో ద్ ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు ఈ అన్యాయం చూడలేక, 9,401 మంది పాత వలసదారుల చేత సంతకాలూ గుర్తులూ పెట్టించి గవర్నరుకు అర్జీ ఇచ్చాడు. ఆ ద్వీపపు ధనికులు అతనిపై దాడి చేశారు. అయినా లండన్ నుండి విచారణ సంఘం వచ్చింది. 1875లో తన నివేదికలో ఆ అర్జీలోని ఫిర్యాదులను చాలవరకు నిజమని తేల్చింది.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకోవాలి. ఆ కూలీ దొంగదారిన ద్వీపంలోకి రాలేదు. ఓడ టికెట్టు, ఒప్పందం, నెంబరు అన్నీ ప్రభుత్వమే ఇచ్చి తెచ్చింది. నేరస్థుడిని చేసినది ఆ తరువాత వచ్చిన కాగితం. ఈ ముక్క మనం కువైట్ చేరేదాకా గుర్తుంచుకోవాలి.

అంతకంటే చేదైన పాఠం రంగూన్‌లో ఉంది. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో భాగం కనుక అక్కడికి పోవడానికి కాగితం అడిగేవారు లేరు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల తెలుగువారు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆ అప్పు మోసుకుంటూ ఓడ ఎక్కేవారు. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసే వీపులు చాలా భాగం తెలుగు వీపులే. వారిని బర్మావారు ‘కోరింగీ’లు అనేవారు. కోరంగి రేవు పేరు కాస్తా అక్కడ తిట్టుగా మారింది. 1930లో ప్రపంచమంతటా ధరలు పడిపోయాయి. బియ్యం ధర కూలింది. పల్లెలలో దివాలా తీసిన బర్మా రైతు కూలి పని కోసం నగరానికి వచ్చాడు. ఆ మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. రేవు కాంట్రాక్టర్లు బర్మా కూలీలను పనిలోకి దింపారు. కొద్ది రోజులకు సమ్మె తెగింది, తెలుగువారు తిరిగి వచ్చారు, బర్మావారిని పొమ్మన్నారు. పోతూ ఉన్నవారికీ వస్తూ ఉన్నవారికీ రేవులోనే మాటా మాటా పెరిగింది. మే 26న మొదలైన కొట్లాట రోజుల తరబడి సాగి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. చచ్చినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. కాంట్రాక్టర్లకు మాత్రం ఓడలు నింపే చేతులకు కొరత రాలేదు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు బర్మాలోని భారతీయులు లక్షలుగా అడవుల గుండా నడిచి వచ్చిన కథ, 1960లలో మిగిలినవారిని అక్కడి సైనిక ప్రభుత్వం వెళ్ళగొట్టిన కథ వేరే చెప్పుకోవలసినంత పెద్దవి.

ఆ రేవులో పని పోయిన బర్మా యువకుని కోపం అబద్ధం కాదు. ఆకలి నిజం, నిరుద్యోగం నిజం. కానీ అతని కంటికి కనబడినది తనలాగే బస్తా మోసే మనిషి మాత్రమే. ఇద్దరినీ ఒకరి తరువాత ఒకరిని వాడుకున్నవాడు అతని కంటికి ఆనలేదు.

ఇక మన ఇంటి ముంగిటి చరిత్రకు వద్దాము. 1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలు కట్టడాలు మొదలుపెట్టినప్పుడు, రాయలసీమనుండి ముఖ్యంగా కువైట్‌కు దారి పడింది. కడప, రాయచోటి, కదిరి ప్రాంతాల మగవారు డ్రైవర్లుగా, గొర్రెల కాపరులుగా, మన ఆడబిడ్డలు ఖద్దామాలుగా వెళ్ళారు. ఎందరి ఇళ్ళకు స్లాబు పడిందీ, ఎందరి చెల్లెళ్ళకు నికాహ్ జరిగిందీ ఆ దినార్లతోనే. ఈ మేలును తక్కువ చేసి చెప్పడం కృతఘ్నత అవుతుంది.

అయితే అక్కడ అమలులో ఉన్నది కఫాలా పద్ధతి. కూలీ ఆ దేశంలో ఉండడం, వెళ్ళడం, పని మారడం ఒక కఫీల్ పేరుకు ముడిపడి ఉంటుంది. ఒక అమ్మాయి ఇంటిపనికి వెళ్ళిందనుకోండి. ఆరు నెలలు జీతం ఇవ్వలేదు, లేదా కొట్టారు. ఆమె బయటికి వచ్చి తెలిసినవారి గదికి చేరింది. మరునాడు కఫీల్ ఠాణాకు వెళ్ళి పనిమనిషి పారిపోయిందని కేసు పెడతాడు. ఆ క్షణంనుండి ఆమె చట్టవిరుద్ధం. ఆమె చేసిన పని, రావలసిన జీతం, పడిన దెబ్బలు ఏ కాగితంలోనూ లేవు. పారిపోయిందన్న మాట ఒక్కటే కాగితంలో ఉంది. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసం 68వ నెంబరు చట్టం చేసి, రోజు పనికి 12 గంటల హద్దు, వారానికొక సెలవు, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదన్న నిబంధన పెట్టింది. మంచి చట్టమే. నాలుగు గోడల మధ్య అది ఎంతవరకు అమలైందో వెళ్ళివచ్చిన మన ఆడబిడ్డలను అడిగితే తెలుస్తుంది.

ఇటు వైపు తప్పు లేదని అనలేము. మన దేశపు 1983 వలస చట్టం కింద ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలి. ఈ రక్షణను దాటించి, సందర్శక వీసాపై పంపేది ఎవరు? మన మధ్య తిరిగే, మనతో సఫ్‌లో నిలబడే ఏజెంట్లే. ‘ఆజాద్ వీసా’ అని లక్షలు గుంజి, అక్కడ దిగాక ఆ కఫీల్ దగ్గర పనే లేకుండా చేసేదీ వారే. కాగితం లేని కూలీ తనంతట తాను తయారు కాలేదు. తయారుచేసినవారికి అటూ ఇటూ కూడా కాగితాలు సక్రమంగానే ఉన్నాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు ఒక్క రాత్రిలో లోకం తలకిందులైంది. కఫీల్‌లే కుటుంబాలతో ఎడారి దాటి పొరుగు దేశాల ఆశ్రయం కోరారు. మన వాళ్ళు ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. అక్కడి నుండి లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాలలో తెచ్చారు. యుద్ధం ముగియగానే మన వాళ్ళు మళ్ళీ వెళ్ళారు, కఫీల్‌లు మళ్ళీ కఫీల్‌లయ్యారు. ఆశ్రయం అడిగిన రోజుల జ్ఞాపకం ఎవరి దగ్గర ఎంత మిగిలిందో అల్లాహ్‌కే ఎరుక.

2018 జనవరి చివరినుండి ఏప్రిల్ వరకు కువైట్ ఆమ్నెస్టీ ప్రకటించింది. గడువు మీరిన ప్రతి దినానికి 2 దినార్ల చొప్పున పడే జరిమానా మాఫీ చేసి ఇంటికి పోనిచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా కాలంలో, జరిమానా మాఫీయే కాక విమాన టికెట్టు కూడా తానే ఇస్తానన్నది. కానీ అప్పుడు మన దేశం లాక్‌డౌన్‌లో ఉంది. విమానాలు దిగడానికి వీలు లేదు. పేరు నమోదు చేసుకున్న వేలమంది భారతీయులు అక్కడి శిబిరాలలో వారాల తరబడి పడిగాపులు పడ్డారు. వారిలో మన జిల్లావారూ ఉన్నారు. రమ్మన్నవాడు లేడు, ఉండమన్నవాడూ లేడు. మన పత్రికలు ఈ ఆమ్నెస్టీని ‘క్షమాభిక్ష’ అని రాస్తాయి. రెండేళ్ళ జీతం రావలసి ఉన్నవాడికి క్షమ, అది కూడా భిక్షగా! మాటలు పుట్టించేవారు కొంచెం ఆగి ఆలోచిస్తే బాగుండును.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని 28వ సూరా అల్ ఖసస్‌ను ఈ కళ్ళతో మరొకసారి చదవండి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టునుండి ప్రాణభయంతో పారిపోయి మద్‌యన్ చేరారు. ఆయన చేతిలో ఏ అనుమతీ లేదు, ఆయన కోసం వెనుక వెతికేవారున్నారు. బావి దగ్గర బలవంతులైన కాపరులు తమ మందలకు నీళ్ళు తాపుతుంటే ఇద్దరు ఆడపిల్లలు ఎడంగా నిలబడి ఉన్నారు. ఆయన వారి మందకు నీళ్ళు పెట్టి, ఏమీ అడగకుండా నీడలో కూర్చుని, తన లేమిని ప్రభువుకు విన్నవించుకున్నారు. తరువాత వచ్చిన కబురేమిటి? ‘నువ్వెవరివి, ఎందుకొచ్చావు’ అని కాదు. నీళ్ళు పెట్టినందుకు ప్రతిఫలం ఇవ్వడానికి ఆ ముసలి తండ్రి రమ్మన్నాడు. కూలి సంగతి మొదట వచ్చింది, కథ వినడం తరువాత. విన్నాక భయం వద్దన్నాడు. ఆయనను పనిలో పెట్టుకోమని సలహా ఇచ్చిన కూతురు చూసిన అర్హతలు రెండే: బలం, నమ్మకం. ఎనిమిదేళ్ళు పని, పదేళ్ళు చేస్తే అది ఆయన ఇష్టం, కష్టపెట్టే ఉద్దేశం లేదు అని షరతులు ముందే స్పష్టంగా చెప్పుకున్నారు. ఒక మహా ప్రవక్త పరాయి దేశంలో గొర్రెల కాపరిగా గడిపిన సంవత్సరాలివి. మన పిల్లలు కువైట్ ఎడారిలో చేస్తున్నదీ ఈ పనే.

మక్కా ముస్లింలు హబషాకు వలసపోయినప్పుడు, ఖురైషీలు తోలు కానుకలు ఇచ్చి ఇద్దరు దూతలను పంపి, పారిపోయి వచ్చినవారిని అప్పగించమని నజాషీ రాజును అడిగించారు. ఆస్థానంలోని వారు ఇచ్చేయమన్నారు. రాజు మాత్రం రెండో పక్షం మాట వినందే ఇవ్వనన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) నిలబడి మాట్లాడారు. కానుకలు వెనక్కి పోయాయి. అప్పటికి నజాషీ ఇస్లాం స్వీకరించలేదన్నది కూడా గుర్తుంచుకోదగినది.

రాజ్యానికి తన సరిహద్దులో ఎవరున్నారో తెలుసుకునే హక్కు లేదని మేము అనడం లేదు. దొంగ కాగితాలు అబద్ధమే, అబద్ధం మనకు తగదు. కానీ విచారించడం వేరు, అనుమానించి పేరు పెట్టడం వేరు. 2025లో ఒడిశాలో, హర్యానాలో, మరికొన్ని చోట్ల బెంగాలీ మాట్లాడే కూలీలను బంగ్లాదేశీలనే అనుమానంతో వందలుగా నిర్బంధించారు. కొందరిని సరిహద్దు దాటించి, తరువాత మన దేశపౌరులేనని తేలాక వెనక్కి తెచ్చారు. వారిలో చాలామంది పేర్లు మన పేర్లవంటివే. కూడలిలో ‘వీళ్ళ కాగితాలు చూశారా’ అని మనం తేలికగా విసిరే మాట ఎక్కడికి పోయి తగులుతుందో ఇప్పుడు తెలుస్తున్నది కదా.

మన పిల్లలకు పని లేదన్న బాధకు వద్దాము. అది అబద్ధం కాదు. పని లేమి ఎంతటిదో తెలిసే, ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. మన యువకులు బెంగుళూరు కట్టడాలకు, కేరళకు పోతూనే ఉన్నారు. అక్కడ వారూ పరాయివారే. మరి ఇక్కడి మేస్త్రీ దూరపు కూలీని ఎందుకు తెస్తున్నాడు? మనవాడు సాయంత్రానికి ఇంటికి పోతాడు, కూలి ఆగితే పదిమందిని వెంటబెట్టుకుని అడుగుతాడు. దూరపువాడు పని చోటే రేకుల కింద పడుకుంటాడు, అడ్వాన్సు తీరేదాకా కదలలేడు, అడగడానికి భాష రాదు. రంగూన్ రేవు మేస్త్రీ లెక్క కూడా సరిగ్గా ఇంతే. ఒడిశా ‘దాదన్’ కూలీల దురవస్థ చూసి 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం, కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలనీ, ప్రతి కూలీకి ఫోటోతో పాస్‌బుక్కు ఇవ్వాలనీ, స్థానికునితో సమానంగా కూలి చెల్లించాలనీ విధించింది. అంటే కాగితం చూపవలసిన బాధ్యతను ఆ చట్టం మొదట కాంట్రాక్టరుపై పెట్టింది. సమాన కూలి నిజంగా అమలై ఉంటే దూరపువాణ్ణి తేవడంలో లాభమే ఉండేది కాదు. మన యువకుని పనీ పోయేది కాదు. పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం వచ్చాక హోటళ్ళ ముందు కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. ఆ దేశంనుండి వచ్చినవారిని మనం గౌరవంగా చూస్తాము, చూడవలసిందే. వారినెవరూ కూడలిలో నిలబెట్టి కాగితం అడగలేదు.

కూలి ఎగ్గొట్టేవానికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్టు దైవప్రవక్త (స) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వకపోవడమే అక్కడ చెప్పిన నేరం. ఆ కూలీ ఏ దేశస్థుడు, ఏ మతస్థుడు, ఏ కాగితం కలవాడు అన్న ప్రస్తావన అందులో లేదు. ఈ హదీసును మేము మింబరుపై ఎన్నిసార్లు చదివామో లెక్క లేదు.

అందుకే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నిరుడు రంజానుకు ముందు మా మస్జిదులో వుజూ ఖానా కట్టించాము. మేస్త్రీతో వచ్చిన నలుగురు ఒడిశా కూలీలు ఆ పని చేశారు. మేము మేస్త్రీకి డబ్బు ఇచ్చి, పని అయిందనుకున్నాము. పది పదిహేను రోజులకు ఆ నలుగురిలో ఒకతను వచ్చి, గేటు లోపలికి అడుగు పెట్టకుండానే, తొమ్మిది రోజుల కూలి తమకు అందలేదని వచ్చీరాని హిందీలో చెప్పాడు. మేస్త్రీని అడుక్కో అని పంపివేశాము. అప్పుడు మేము హడావుడిలో ఉన్నాము. ఆ శుక్రవారం కువైట్‌లో చిక్కుకున్న ఒకరి విడుదల కోసం ప్రత్యేక దుఆ ఉన్నది.

ఈ ఖుత్బా రాయడానికి కూర్చున్నాక లెక్కల పుస్తకం తీసి చూశాము. సిమెంటు ఎన్ని బస్తాలో ఉంది, ఇసుక ట్రాక్టరు నెంబరు ఉంది, కొళాయిల కంపెనీ పేరు ఉంది. కూలీల వరుసలో ‘ఒడిశా వాళ్ళు – 4’ అని మాత్రమే ఉంది. మేస్త్రీని వెతికి పట్టుకుంటే ఇద్దరి ఫోన్ నెంబర్లు దొరికాయి. వారి తొమ్మిది రోజుల కూలి మస్జిదు నిధి నుండి కాక కమిటీ సభ్యుల జేబులనుండి పంపాము. మిగిలిన ఇద్దరూ ఎక్కడున్నారో ఆ ఇద్దరికీ తెలియదు. వారి డబ్బు ఒక కవరులో ముతవల్లి గారి బీరువాలో ఉంది. పైన రాయడానికి మా దగ్గర పేర్లు లేవు.